బాణం ఆకు, బురద దుంప

అమెరికాలోని పోర్ట్‌లాండ్ ఊరి చివర, విల్లమెట్ నది వచ్చి కొలంబియా నదిలో కలిసే చోట సోవీ ఐలాండ్ అనే దీవి ఉంది. సెప్టెంబరు మొదట్లో ఓ పొద్దున అక్కడి కుంట గట్టున కూర్చున్నాను. నీళ్లలోంచి బాణం ములుకుల్లా లేచిన ఆకులు. వాటి నడుమ కాడ చుట్టూ మూడేసి పూలు, పువ్వుకు మూడే రేకులు. కింది వరసల్లో ఆడపూలు కాయలు కట్టేశాయి, పైన మగపూలు ఇంకా విచ్చుకుంటున్నాయి. వంగి ఒక పువ్వులోకి చూశాను. తెల్లటి రేకులు, పసుపు కేసరాలు. మచ్చన్నది లేదు.

ఇంగ్లండులో ఉన్నప్పుడు థేమ్స్ ఒడ్డున చూసిన మొక్క గుర్తొచ్చింది. ఆకు ఇదే, రేకులూ మూడే. కానీ ఆ రేకుల మొదట్లో వేలితో అద్దినట్టు వంగపండు రంగు మచ్చ. కేసరాలదీ ఆ రంగే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి సజిటేరియా సజిటిఫోలియా అని పేరు పెట్టాడు. ఇక్కడిది సజిటేరియా లాటిఫోలియా. లాటిన్‌లో సజిట్టా అంటే బాణం. మన ధనూరాశిని ఇంగ్లీషులో సజిటేరియస్ అనడమూ ఆ మాటతోనే.

ఆకును బట్టి పేరైతే పెట్టారు గానీ, ఆకు ఒక్క తీరున ఉండదు. పారే నీటి లోతుల్లో థేమ్స్ మొక్క ఆకులు రిబ్బన్లలా సాగి ప్రవాహంతో ఊగుతాయి. నీటిపైకి వచ్చాకే బాణాలవుతాయి. లాటిఫోలియా ఆకు ఒకచోట అరచేతికన్నా వెడల్పు, మరోచోట సన్నటి చీలిక. ఈ అక్కచెల్లెళ్లలో ఎవరు ఎవరో తెలియాలంటే పూసేదాకా ఆగాల్సిందే.

ఈ నదుల ఒడ్డున బతికిన చినూక్ జనానికి మాత్రం ఇక్కడి మొక్క వపాటో. కడుపు నింపే దుంప. 1806 మార్చిలో ఇటుగా తిరిగి వెళ్తూ అమెరికన్ అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ తన దినచర్యలో దీని గురించి రాసుకున్నాడు. ఆడవాళ్లు చిన్న పడవలు తీసుకుని మెడలోతు నీళ్లలోకి దిగుతారట. కాలి వేళ్లతో బురదలో దుంపను విడదీస్తే అది పైకి తేలుతుంది, ఏరి పడవలో వేసుకుంటారు. ఆయన బృందం ఈ దీవినే వపాటో దీవి అన్నది.

ఆ వాక్యాలు చదివినప్పుడు నాట్లమడిలో వెనక్కి వెనక్కి అడుగేస్తూ బురద మెత్తదనాన్ని కాళ్లతోనే తెలుసుకునే మా అమ్మ కనబడింది. బూట్లు విప్పి కుంటలో దిగాను. చల్లటి బురద చీలమండల దాకా వచ్చింది. కాసేపటికి బొటనవేలికి గోలీకాయంత గుండ్రటిదేదో తగిలింది. ఇంకా ఊరాల్సిన దుంప. కాలు మెల్లగా పక్కకు తీశాను.