క్రెడిట్లు లేని చదువు

మా మనవరాలిది అమెరికా పాఠ్యక్రమం. నర్సరీ నుంచి పన్నెండు దాకా ఒకే బడి. చివరి నాలుగేళ్ళూ హైస్కూలు, సబ్జెక్టుకిన్ని క్రెడిట్లు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఊసే లేదు! అది నాకూ నచ్చింది. అంతర్జాతీయ బడి ఈ ఊరికి కొత్త కాదు లెండి. బెంగళూరు ఇంటర్నేషనల్ స్కూలు 1969 నాటిది.

మా పిల్ల బడిలో ఫ్రెంచి, స్పానిష్ ఉన్నాయి, తెలుగు లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలన్న 350ఎ అధికరణం 1956లోనే రాజ్యాంగంలో చేరింది గాని, అది ప్రభుత్వాలకు చెప్పిన మాట.

వీధి స్నేహితుల పుణ్యమా అని పిల్లకు కన్నడ బోర్డులు చదవడం వచ్చు. నేను దాన్నే పట్టుకున్నాను. కన్నడ 'క' మీద తలకట్టు మార్చి, "ఇదేనమ్మా మనది" అంటున్నాను. మదనపల్లెలో మా అమ్మకు చూపు తగ్గుతోంది. ఈ ఏడే ఉత్తరం రాయించాలి. ఒత్తుల దగ్గర పిల్ల అడిగింది: "తాతా, దీనికెన్ని క్రెడిట్లు?"