ఏలూరు రోడ్డు... బొమ్మల బాట!

పుస్తకం అట్ట, పెళ్లి శుభలేఖ, సినిమా పోస్టరు, మామిడిపండ్ల పెట్టె మీద లేబులు... అన్నిటి వెనకా ఓ ఆర్టిస్టు ఉంటాడు. నెల జీతం ఉండదు. ఆఫీసు ఉండదు. బొమ్మకి ఇంత అని లెక్క. ఇప్పుడు వాళ్లనే ఫ్రీలాన్స్ గ్రాఫిక్ ఆర్టిస్టులు అంటున్నాం. పేరు కొత్తదే కానీ, బెజవాడకి ఆ పని మాత్రం ఎప్పట్నుంచో తెలుసు. గవర్నరుపేట పుస్తకాల షాపుల దగ్గర మొదలుపెట్టి గన్నవరం దాకా వెళ్తే ఆ కథంతా కళ్లకు కడుతుంది.

విజయవాడ నుంచి గన్నవరం సుమారు 20 కిలోమీటర్లు. రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి... ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ కనిపించదు. ఒకప్పుడు పడవలు నడిచిన ఏలూరు కాలువ కూడా ఈ దారికి తోడుగానే సాగుతుంది. దారి పొడవునా బోర్డులే బోర్డులు. కాలేజీలు, ఆస్పత్రులు, బట్టల షాపులు, నాయకుల పుట్టినరోజులు. ఆ బోర్డుల్ని చదువుతాం కానీ అక్షరం ఎలా ఉందో చూడం. చూస్తే... అక్కడ వందేళ్ల మార్పు కనిపిస్తుంది!

మూడు గంటల గడువు

1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. మువ్వ దగ్గరి భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య అప్పటికే జాతీయ జెండా మీద పనిచేస్తున్నారు. 1916లోనే 30 నమూనాలతో ఓ చిన్న పుస్తకం అచ్చువేశారు. జెండా మీద రాట్నం ఉండాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం ఉండేలా ఓ బొమ్మ గీసిమ్మని గాంధీజీ అడిగితే వెంకయ్య మూడు గంటల్లో తెచ్చిచ్చారు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది.

ఆ ఆలస్యమే మంచిదైందని గాంధీజీ తరవాత రాశారు. ఎందుకంటే, ఈలోగా ఆలోచిస్తే మిగతా మతాలకూ చోటు ఉండాలనిపించింది. తెల్లరంగు వచ్చి చేరింది. 1931లో కాషాయం, 1947లో రాట్నం స్థానంలో ధర్మచక్రం. అడిగినవాళ్లు ఒకటి చెప్పడం, గీసినాక ఇంకొకటి కలపమనడం, గడువు తరుముతుండటం... ఇవాళ్టి గ్రాఫిక్ ఆర్టిస్టు కష్టాలన్నీ ఆ మూడు గంటల్లోనే ఉన్నాయి!

రంగుకో అచ్చు

కృష్ణా డెల్టాలో డిజైన్ అంటే అంతకంటే పాత సంగతి. మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకానికి టేకుచెక్క అచ్చులు చెక్కుతారు. ఒక పువ్వులో మూడు రంగులుంటే సాధారణంగా మూడు అచ్చులు కావాలి. ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. కాస్త జరిగితే పువ్వు ఒకచోట, దాని రంగు ఇంకోచోట!

బెజవాడ ప్రెస్సుల్లో పుస్తకాల అట్టలకీ ఒకప్పుడు ఇదే సూత్రం. చెక్కకు బదులు జింకు బ్లాకు. రంగు పెరిగితే బ్లాకు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకే ఆర్టిస్టు రెండు మూడు రంగుల్లోనే సరిపెట్టాలి. చవక కాగితం మీద సన్నటి నీడలు సరిగా పడవు, కాబట్టి గీత గట్టిగా ఉండాలి. ఆనాటి అట్టలకు ఆ అందం రావడంలో ఆర్టిస్టు చేతికి ఎంత వాటా ఉందో, ఆ ఇబ్బందులకూ అంత వాటా ఉంది.

అట్ట మీద సంతకం

ఆ ఇబ్బందుల్లోంచే ఓ కొత్త అందం పుట్టించినవారు బాపు. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, కుంచె పట్టుకున్నారు. నవోదయ లాంటి బెజవాడ ప్రచురణ సంస్థలు వేసిన పుస్తకాలకు ఆయన గీసిన అట్టలు తెలుగిళ్ల అలమారాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. పుస్తకం పేరును కూడా బొమ్మలో భాగంగానే రాసేవారు. ఆ చేతిరాతే తరవాత కంప్యూటర్ ఫాంటుగా మారింది. 2014లో ఆయన పోయినా శుభలేఖల మీద ఆ అక్షరాలు నడుస్తూనే ఉన్నాయి.

బెజవాడ పత్రికలు ఇంకెందరికో బువ్వ పెట్టాయి. 1970లో మొదలైన ‘స్వాతి’కి వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాల కోసమే పత్రిక కొన్నవాళ్లున్నారు. అనకాపల్లిలో పుట్టిన ఎం.శంకరరావు ఆంధ్రజ్యోతి వారపత్రికకు బొమ్మలు వేస్తే, సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆయనకు ‘బాలి’ అని పేరు పెట్టారు. 2023లో కన్నుమూసేదాకా ఆ రెండక్షరాలే ఆయన సంతకం. ఏలూరులో పుట్టి విశాలాంధ్రలో పనిచేసిన మోహన్ కుంచెతో ఆగిపోలేదు. కంప్యూటర్ బొమ్మలూ యానిమేషన్ కొత్తగా వస్తున్న రోజుల్లోనే అటు అడుగేశారు. ఆయన 2017లో వెళ్లిపోయారు.

కుంచె పోయి ఫ్లెక్సీ వచ్చె

పేరున్నవాళ్ల సంగతి సరే... పేరులేనివాళ్లో? షాపుల బోర్డులూ, గుడ్డ బ్యానర్లూ, గోడల మీద ప్రకటనలూ రాసేవాళ్లకు ప్రతి ఊళ్లోనూ చేతినిండా పని ఉండేది. సుద్ద పూసిన దారాన్ని గోడకి ఆనించి లాగి వదిలితే గీత పడేది. దానిమీద ఎనామిల్ రంగుతో అక్షరం. తలకట్టు ఎక్కడ వంచాలో, కిందికి దిగే వత్తుకు ఎంత చోటు వదలాలో చేతికే తెలిసేది.

2000 తరవాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాయి. రోజంతా రాసే బోర్డు నిమిషాల్లో తయారు. చాలామంది కుంచె పక్కనపెట్టి వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. కొందరు మౌస్ పట్టుకున్నారు. ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం పెడుతున్నట్లు 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినప్పుడు గుడ్డ బ్యానర్లకు మళ్లీ మంచి రోజులొస్తాయేమో అన్న మాట వినిపించింది. కానీ ఒకసారి చెయ్యి మరిచిన పనిని ఒక ఉత్తర్వు తిరిగి తెచ్చివ్వలేదు కదా!

గన్నవరంలో ఇప్పుడు

కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ప్రాంగణం. ఆపైన విమానాశ్రయం. 2017లో కొత్త టెర్మినల్ వచ్చాక ఈ ప్రాంతం రూపే మారిపోయింది. ఇంట్లో ఓ కంప్యూటరు, ఇంటర్నెట్టు ఉంటే చాలు, ఆర్టిస్టు మద్రాసు వెళ్లక్కర్లేదు. పొద్దున నూజివీడు రసాల పెట్టెకు లేబులు, మధ్యాహ్నం స్కూలు క్యాలెండరు, రాత్రికి అమెరికాలో ఉన్నవాళ్ల పెళ్లి శుభలేఖ... అన్నీ ఇక్కణ్నుంచే చేయొచ్చు.

పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ముందు అడిగినవాళ్ల మాట వినాలి. చిత్తుకాగితం మీద పెన్సిల్‌తో నాలుగైదు చిన్న బొమ్మలు గీసుకోవాలి. ఒకటి ఎంచుకుని అక్షరాలు కూర్చాలి. తరవాతే రంగులు. ఇక్కడో చిక్కుంది. తెర మీద రంగు అంటే వెలుగు, కాగితం మీద రంగు అంటే సిరా. తెరపై మెరిసిన చిలకపచ్చ అచ్చులో పాలిపోతుంది. ముందే సరిచూసుకోకపోతే వెయ్యి శుభలేఖలూ దండగే.

అసలు పరీక్ష తెలుగు అక్షరం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కూర్చిన మాటను ఉన్నదున్నట్టు ఫోన్‌లో అతికిస్తే చదవలేం. ఆ ఇబ్బంది లేని యూనికోడ్ ఫాంట్లను సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. వాటిలో ‘మండలి’ ఈ డెల్టా మనిషి పేరే. 1975లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు గుర్తుగా పెట్టారు. పొడవు సరిపోలేదని అక్షరాన్ని రబ్బరులా సాగదీయడం ఎవరైనా చేస్తారు. సాగదీయకుండా, వత్తు తెగకుండా, చూడగానే చదివించేలా కూర్చడానికే ఆర్టిస్టు కావాలి. బేరమాడేటప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోని పని అదే. ‘రెండు ముక్కలు రాయడానికి ఇంతా?’ అంటారు.

ఈసారి గన్నవరం వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి బోర్డులు చూడండి. ఫ్లెక్సీల మధ్య ఎక్కడో ఓ పాత గోడ మీద కుంచెతో రాసిన అక్షరాలు ఇంకా వెలిసిపోకుండా ఉండొచ్చు. ఇంట్లో పాత పుస్తకాలుంటే అట్ట మూలన సంతకం ఎవరిదో పిల్లలకు చూపించండి. శుభలేఖ వేయించే పని పడితే... ఆర్టిస్టుకి ఇంకో రోజు గడువివ్వండి!