పాలపళ్ళ పంచాయితీ

పాలపళ్ళంటే మన ఇళ్ళలో చులకన. "ఎలాగూ ఊడిపోయేవేగా!" అనేసి ఊరుకుంటాం. ముందుపళ్ళు 6, 7 ఏళ్ళకు ఊడితే ఊడతాయి గాని, దవడపళ్ళు 10, 12 ఏళ్ళదాకా ఉండి, వెనక రాబోయే పళ్ళకు చోటు కాచిపెట్టాలి. అందాకా పిల్లవాడు తినవద్దూ? నిద్రపోవద్దూ?

మా మనవడికి 3 ఏళ్ళు. పాలసీసా నోట్లో ఉంటేగాని నిద్రపోడు. పై ముందుపళ్ళు నాలుగూ చిగుళ్ళ దగ్గర గోధుమరంగు తిరిగాయి. చల్లనిది తగిలితే కేరుమంటున్నాడు. కోడలు దంతవైద్యురాలి దగ్గరకు బయలుదేరితే, ముసలివాళ్ళం మేమూ వెంట వెళ్ళాం.

"డ్రిల్లు పెట్టి తొలవాలంటే ఇంత పసివాడు కదలకుండా కూర్చోడు. మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఇంకో దారి ఉంది. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు. చిన్న కుంచెతో పూస్తే చాలావరకు పుచ్చు అక్కడితో ఆగిపోతుంది" అందామె.

ఫ్లోరైడ్ అనే మాట చెవిన పడగానే మా ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ రోజుల్లో బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళకు గారపట్టించి, ఎముకలు వంచి, నడివయసువాళ్ళను కర్రపట్టించడం కళ్ళారా చూసిన మనిషి.

"డాక్టరమ్మా! ఆ విషాన్ని నా మనవడి నోట్లో పెడతారా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ భయం ఉత్తది కాదమ్మా. ఆ జబ్బు సంగతి 1937లోనే, అప్పటి మద్రాసు రాజధానిలో బయటపెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి కడుపులోకి పోతే ఒంట్లో పేరుకుంటుంది. ఇది తాగేది కాదు. 6 నెలలకోసారి పంటిమీద ఒక్క బొట్టు. అందులోని వెండి పుచ్చుచేసే క్రిములను చంపుతుంది. ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని గట్టిపరుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని ఆవశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది."

"ఇబ్బంది ఏమీ లేదంటారా?" అన్నాను నేను.

"ఎందుకు లేదూ? పుచ్చిన చోటు నల్లబడుతుంది. ఆ నలుపు పోదు. పైగా చిగురు వాచినా, ఊరికే ఉన్నప్పుడు కూడా పన్ను పీకుతున్నా ఈ మందు చాలదు. మీవాడికింకా అంతదాకా రాలేదు."

ఇప్పుడు మా కోడలి ముఖం నల్లబడింది. వచ్చే నెలలో తమ్ముడి పెళ్ళి! బంధువులేమంటారు? ఫొటోలో ఎలా పడతాడు? తల్లి మనసు, తప్పుపట్టలేం. ఎటూ తేల్చుకోలేక అత్తగారి వైపు చూసింది.

మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చివరికి, "నల్లపన్ను ఊడిపోతుందమ్మా. మా ఊళ్ళో వంగిన ఎముకలు మళ్ళీ తిన్నగా కాలేదు. ఏది పోయేదో, ఏది ఉండిపోయేదో నాకు తెలుసు. పూయించు" అంది.

పూత నిమిషాల్లో ముగిసింది. సూది లేదు, డ్రిల్లు లేదు. "ఛీ, ఇనుము!" అని మొహం చిట్లించడమే మావాడు చేసిన గొడవంతా.

డాక్టరమ్మ ఇంటికి పని కూడా అప్పగించింది. రాత్రి పాలసీసా బంద్. రెండుపూటలా పెద్దవాళ్ళే పళ్ళు తోమాలి. ఫ్లోరైడ్ పేస్టు 3 ఏళ్ళలోపు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీగింజంత, అంతకు మించకూడదు. మింగనివ్వకూడదు. బోరునీళ్ళు తాగే ఇల్లయితే ఆ నీళ్ళు పరీక్ష చేయించుకోవాలి. ఈ చివరి మాటతో మా ఆవిడకు డాక్టరమ్మమీద పూర్తిగా గురి కుదిరింది.

పెళ్ళిలో మావాడు నాలుగు నల్లచుక్కలతో నవ్వుతూ తిరిగాడు. అడిగినవాళ్ళు అడిగారు. వాడు మాత్రం విస్తరిముందు కూర్చుని, చల్లటి పెరుగన్నం మారు అడిగి తిన్నాడు.