వంటింట్లో శాక్సోఫోన్

“ఈ వయసుల గిదేం సోకు వదినె?” అని మా ఆడపడుచు అడిగింది. ఆవిడే కాదు, మద్దూరులో మా వాడకట్టు సగం అడిగింది. అడగరూ మరి! నలభై మూడేళ్ల ఆడమనిషి, ఇంటర్‌తో చదువు ఆపి, ఇద్దరు పిల్లల్ని పెంచి, మిషను మీద జాకెట్లు కుట్టుకునే మనిషి, మూడు కిలోల పైబడ్డ ఇత్తడి వాద్యాన్ని మెడకు తగిలించుకుని ఊదుతానంటే ఎవరికైనా వింతే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆ శాక్సోఫోన్ మావారిది. ఇరవై రెండేళ్లు బ్యాండు మేళంలో వాయించారు. చేర్యాల, జనగామ, సిద్దిపేట వైపు ఎక్కడ పెళ్లి జరిగినా బరాత్ ముందు ఆయన ఉండేవారు. శాక్సోఫోన్లలో చాలా రకాలున్నాయి. ఆయనది టెనర్. ఆల్టో కన్నా పెద్దది, గొంతు కాస్త బొంగురు, మగగొంతులా ఉంటుంది. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ కనిపెట్టి 1846లో పేటెంటు తీసుకున్నాడట. ఇత్తడితో చేసినా దీన్ని సన్నాయి, క్లారినెట్ల జాతిలోనే లెక్కేస్తారు. ఎందుకంటే శబ్దం పుట్టేది ఇత్తడిలో కాదు, మూతి దగ్గర బిగించే చిన్న రెల్లు ముక్కలో. దాన్నే రీడు అంటారు.

మూడేళ్ల కింద మావారు బండి మీద నుంచి జారిపడితే పైపళ్లు రెండు పోయాయి. పళ్లకీ పాటకీ సంబంధమేమిటనుకుంటారేమో! శాక్సోఫోన్ ఊదేవాళ్లకు పైపళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి. కింది పెదవి కింది పళ్ల మీదికి కొద్దిగా మడిచి రీడుకు ఆసరా ఇవ్వాలి. ఆ పట్టులోనే శ్రుతి అంతా ఉంది. కట్టుడు పళ్లు పెట్టించుకున్నా ఆయనకు ఆ పట్టు దొరకలేదు. ఈలోగా బరాత్‌లలోకి డీజే డబ్బాలు వచ్చాయి. శాక్సోఫోన్ పెట్టె అటకెక్కింది. దానికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కంచం ముందు కూర్చుంటే అంచు మీద తాళం వేసే మనిషి, మౌనంగా తిని లేచిపోవడం మొదలుపెట్టారు. ఇంట్లో కూనిరాగం వినబడక ఏడాది దాటింది.

అటుమొన్న ఆషాఢంలో పెట్టె దించి, “అమ్మేస్త. పిల్ల డిగ్రీ ఫీజుకు వస్తయి” అన్నారు.

“ఫీజు కుట్టుడు పైసలతోని కడదాం. అది నాకు నేర్పుండ్రి” అన్నాను.

ఆయన నవ్వారు. ఎగతాళిగానే నవ్వారనుకోండి. అయినా నవ్వారు కదా అని నాకు సంతోషమే అయింది.

అత్తమ్మకు మాత్రం నచ్చలేదు. “ఆడోళ్లు గీ పెద్ద పీక ఊదుతరా?” అంది. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి ఆమెకు ఒక పాత బ్యాండు ఫొటోలు చూపించింది. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో పైనీ వుడ్స్ అనే బడి ఉంది. పేద నల్లజాతి పిల్లల బడి. దానికి విరాళాలు పోగు చేయడానికి 1937లో అక్కడి ఆడపిల్లలతోనే ఒక బ్యాండు కట్టారు. పేరు ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్. తర్వాత వాళ్లు బడి నుంచి విడిపోయి దేశమంతా తిరిగారు, 1945లో ఐరోపా వెళ్లి సైనికుల ముందు వాయించారు. అందులో టెనర్ శాక్సోఫోన్ సోలోలకు పేరుబడ్డావిడ వై బర్న్‌సైడ్. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఒకే వేదిక ఎక్కడాన్ని దక్షిణాది రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని ఆ బ్యాండులోని తెల్ల అమ్మాయిలు ముఖానికి ముదురు రంగు పూసుకునేవారట. అత్తమ్మ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది. “ఊదనియ్యి తియ్” అంది చివరికి.

మొదటి నెలంతా ఒక్కటే పని. రీడు నాలుకతో తడిపి బిగించడం, ఒక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు వణక్కుండా నిలపడం. అయ్యాక లోపలి తడిని గుడ్డతో లాగి తుడవడం. పక్కింట్లో పసిబిడ్డ ఉంది కాబట్టి వంటింటి తలుపు మూసుకుని ఊదేదాన్ని. మట్టిగోడలు మందం, శబ్దం బయటికి అంతగా పోదు. ఈ సంగతి చెబితే మా అమ్మాయి నాకు సోనీ రోలిన్స్ కథ చెప్పింది. టెనర్ వాయించేవాళ్లలో మహా పేరున్నవాడు. 1959లో, మంచి పేరు వచ్చిన రోజుల్లోనే, ఇంకా నేర్చుకోవాలని కచేరీలు మానేశాడు. పక్క వాటాలో ఒకావిడ నెలలు నిండుతోంది. ఆమెకు ఇబ్బంది కలగకూడదని న్యూయార్కులోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి వెళ్లి గంటల తరబడి సాధన చేశాడట. 1961లో తిరిగి కచేరీలకు వచ్చాడు. మరుసటి ఏడు వచ్చిన రికార్డుకు ‘ది బ్రిడ్జ్’ అని పేరు పెట్టాడు. ఆయనకు వంతెన దొరికింది, నాకు వంటిల్లు దొరికింది!

ఎనిమిది నెలలకు నాలుగు పాటలు వచ్చాయి. ఒకరోజు మావారు పూర్తిగా విని, “పాట వచ్చింది. నువ్వే ఇంకా రాలే” అన్నారు.

ఆ మాట రెండు రోజులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అప్పుడు విడమరిచి చెప్పారు. బరాత్‌లో పెళ్లికొడుకు దోస్తులు ఆడుతుంటే పాట అయిపోయిందని ఆపలేరు కదా! పల్లవికీ చరణానికీ మధ్య అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి. ఆయనకు నేర్పిన పెద్దాయన సికింద్రాబాదు మనిషి. దాన్ని ‘సోలో’ అనేవారట. జాజ్ సంగీతానికి ప్రాణమే అది అని చెప్పేవారట.

“ఎట్ల వస్తది? ఆకాశంలకెళ్లి పడ్తదా?” అన్నాను.

“బతుకమ్మ కాడ నువ్వు చెప్తవు కదా, గట్లనే” అన్నారు.

నిజమే సుమండీ! బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. వరస ఒక్కటే. చప్పట్లు ఒక్కటే. పాత పాటలు అయిపోయాక చెప్పే ఆవిడ అక్కడున్న కొత్త కోడలి మీదో, ఎండిన చెరువు మీదో అప్పటికప్పుడు రెండు మాటలు కట్టి వదులుతుంది. మిగతావాళ్లు అందుకునే లోపల తర్వాతి మాట ఆలోచించుకుంటుంది. కొమురవెల్లి మల్లన్న దగ్గర ఒగ్గుకథ చెప్పేవాళ్లూ అంతే. కథ అందరికీ తెలిసిందే, ఆ రాత్రి కూర్చున్న జనాన్ని బట్టి దాన్ని పెంచుతారు. జాజ్ కూడా అలాంటి చోటే పుట్టిందట. చేలల్లో పనిచేసే నల్లవాళ్లు ఒకరు పాడితే మిగతావాళ్లు జవాబు పాడేవారు. న్యూ ఆర్లియన్స్ ఊళ్లో శవం వెంట బ్యాండు నడిచేది. పోయేటప్పుడు నెమ్మది పాట, మట్టి చేసి వచ్చేటప్పుడు హుషారు పాట. చావుకూ పెళ్లికీ వాయిద్యం పిలిచే మనకు ఇది కొత్తగా అనిపిస్తుందా చెప్పండి?

అయితే ఒక తేడా ఉంది, అది తెలుసుకోవడానికే నాకు ఆరు నెలలు పట్టింది. మన సంగీతంలో షడ్జమం కదలదు. శ్రుతిపెట్టె ఒకటే మోగుతుంటే దాని మీద రాగం నడుస్తుంది. కద్రి గోపాల్‌నాథ్ గారు శాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం పలికించింది అలాగే. ఆయనది నాదస్వర కుటుంబం. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని దాని మీద మనసు పడ్డారు. 2004లో పద్మశ్రీ అందుకుని, 2019లో కన్నుమూశారు. జాజ్‌లో మాత్రం కింద నేల కదులుతుంది. దాని మీద మనం పడిపోకుండా నడవాలి.

అందులో అన్నిటికన్నా తేలికైన చట్రం బ్లూస్. నాలుగు దెబ్బలు ఒక గది అనుకోండి. మొత్తం పన్నెండు గదుల ఇల్లు. మొదటి నాలుగు గదుల్లో కింద షడ్జమం మీది స్వరాల గుత్తి మోగుతుంది. ఆ గుత్తినే కార్డు అంటారు. తర్వాత రెండు గదులు మధ్యమం, మళ్లీ రెండు షడ్జమం. తొమ్మిదో గది పంచమం, పదోది మధ్యమం, ఆఖరి రెండూ షడ్జమం. ఒక చుట్టు అయింది. మళ్లీ మొదటి గది. మనం వాయించే స్వరాలకు మన శుద్ధ ధన్యాసి చాలు. స, గ, మ, ప, ని. శుద్ధ మధ్యమానికీ పంచమానికీ నడుమ ప్రతి మధ్యమాన్ని తాకిపోతే బ్లూస్ వాసన వచ్చేస్తుంది. తాకిపోవాలి, దాని మీద కూర్చోకూడదు. ఆవకాయలో మెంతిపిండి లాంటిదన్నమాట.

మరి కింద ఆ నేలను కదిపేదెవరు? ఇంట్లో పాత కాసియో ఉంది. పిల్లలు చిన్నప్పుడు కొన్నది. “పళ్లు పోయినయి గానీ వేళ్లు పోలే కదా” అని దుమ్ము దులిపి ఆయన ముందు పెట్టాను. మొదట అయిష్టంగానే కూర్చున్నారు. టెనర్‌లో ‘సి’కి వేళ్లు పెడితే కాసియో మీది బి-ఫ్లాట్ పలుకుతుంది. అందుకని ఆ నల్లమెట్టును ఆధారంగా పెట్టుకున్నారు. రోజూ రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక అరగంట. మొదట మూడే మూడు స్వరాలు, ఇంకేమీ ముట్టుకోకూడదు. వాటితోనే పొడుగ్గా, పొట్టిగా, ఆగి, ముందుకొచ్చి చెప్పమనేవారు. ఊదే ముందు నోటితో పాడమనేవారు. నోటికి రానిది వేళ్లకు రాదట. రెండు గదులు అడుగు, రెండు గదులు జవాబు చెప్పు అనేవారు. అన్నిటికన్నా కష్టం ఊరుకోవడం. ఖాళీ కనబడితే నింపాలనిపిస్తుంది. ఖాళీని ఖాళీగా వదిలేస్తేనే వినేవాళ్లు మన మాట కోసం చూస్తారు.

ఈ పన్నెండు గదుల్లో ఎంతసేపు తిరగొచ్చో తెలుసా? 1956 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయిస్తుంటే, టెనర్ వాయించే పాల్ గొన్సాల్వెస్ లేచి వరసగా 27 చుట్లు తిరిగాడట. ప్రేక్షకుల్లోంచి ఒకావిడ లేచి ఆడటం మొదలుపెట్టింది. ఆవిడను చూసి జనం లేచారు. అచ్చం మన బరాత్! ఆ ఎలింగ్టన్ బృందం 1963లో మన దేశానికి కూడా వచ్చింది. నేను 27 అనడం లేదు, నాకు నాలుగు చుట్లు వస్తే చాలనుకున్నాను.

పోయిన మాఘమాసంలో మా మరిది కూతురి పెళ్లి జరిగింది. ముందురోజు రాత్రి పసుపు దంచడాలు, గాజులు వేయడాలు అయ్యాక, మావారి పాత జతగాళ్లు వాకిట్లో చేరారు. డోలు కొట్టే ఆయన, “వదినె ఊదుతదట కదా, విందాం” అన్నాడు. చేతులు చల్లబడ్డాయి. మావారు కాసియో ముందు కూర్చుని నా వైపు చూడకుండానే మొదటి నాలుగు గదులు మొదలుపెట్టారు.

రెండు చుట్లు బాగానే నడిచాయి. మూడో చుట్టులో ఊపిరి కోసం ఆగాను. ఆ ఖాళీలో ఆయన కుడిచేత్తో మూడు స్వరాలు వేశారు. కార్డు కాదు, మాట. నన్ను ఏదో అడిగినట్టుంది. ఆ మూడింటినే తిరగేసి జవాబు ఇచ్చాను. ఆయన మళ్లీ అడిగారు. నేను మళ్లీ చెప్పాను. ఇరవై నాలుగేళ్ల కాపురంలో మేమిద్దరం అంత బాగా మాట్లాడుకున్నది లేదు! వాకిట్లో ఆడవాళ్లు చప్పట్లు అందుకున్నారు, బతుకమ్మ చప్పట్లే. ఎన్ని చుట్లు తిరిగామో నేను లెక్కపెట్టలేదు. ఏడు అని డోలాయన చెప్పాడు.

ఇప్పటికీ నన్ను ఎవరూ పెళ్లిళ్లకు పిలవలేదు, పైసా రాలేదు. జాకెట్ల కుట్టుడు అలాగే సాగుతోంది, పిల్ల ఫీజు దాంతోనే కడుతున్నాం. పెట్టె మాత్రం మళ్లీ అటకెక్కలేదు. మావారు అన్నం దగ్గర కంచం అంచు మీద తాళం వేస్తున్నారు. మొన్న పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా పాట కట్టారు.

మీ ఇంట్లోనూ అటక మీద ఒక హార్మోనియమో, పిల్లనగ్రోవో, ఢోలక్కో ఉండొచ్చు. దించి తుడవండి. అయిదు స్వరాలతో మొదలుపెట్టండి. వీలైతే కింద శ్రుతి పట్టడానికి ఇంట్లో మాట తగ్గించిన మనిషిని కూర్చోబెట్టండి.