యూకేజీ పూర్తయింది... మీ మెచ్చుకోలు వాళ్లకు చేరిందా?



గ్రాడ్యుయేషన్ డే రోజు నల్ల గౌను, నెత్తిన నిలవని టోపీతో మీ యూకేజీ పిల్లలు స్టేజి ఎక్కినప్పుడు మీరెంత మురిసిపోయారో పక్కనుంచి చూశాను. దిగుతూనే ఒక బాబు నా చెయ్యి పట్టుకుని, "మిస్, మా నాన్న చూశారా?" అని అడిగాడు.

మీ మురిపెం వాళ్లకు అంత ముఖ్యం. అందుకే దాన్ని వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. "ఫస్ట్ ఎవరొచ్చారు?" అని అడిగితే చేతిలోని సర్టిఫికెట్ చిన్నదైపోతుంది. "నర్సరీలో గేటు దగ్గర నన్ను వదిలేదానివి కాదు, ఇప్పుడు నువ్వే టాటా చెప్పి వెళ్తున్నావ్" అనండి. "టిఫిన్ బాక్స్ మూత నువ్వే తీసుకుంటున్నావట కదా" అనండి. వీటికి మేం గ్రేడ్లు వేయం. ఒకటో తరగతిలో ధైర్యాన్నిచ్చేవి మాత్రం ఇవే.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశ. ఒకటి, రెండు తరగతులూ అందులోవే. కాబట్టి ఈ వేసవిలో ట్యూషన్ తొందర వద్దు. అమ్మమ్మ దగ్గర తెలుగు కథలు విననివ్వండి. ఇంగ్లీషు మీడియం టీచర్‌గానే చెబుతున్నాను: కథ విని, తన మాటల్లో తిరిగి చెప్పగల పిల్లలకు ఇంగ్లీషు పాఠమూ తేలికవుతుంది.

జూన్‌లో కలుద్దాం.