అవతలికి చేరిందా?

చర్చాబృందంలో ఒక మాట రాసి పంపగానే రాసినవాళ్ల తెరమీద అది కనిపిస్తుంది. అంతమాత్రాన మిగతావాళ్లకు చేరినట్టు కాదు. ఈ సంగతి బాగా తెలిసొచ్చింది యూజ్‌నెట్ అనే చర్చాబృందాల వ్యవస్థలోని వాళ్లకు.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు తట్టిన ఆలోచన అది. దగ్గర్లోనే ఉన్న నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెలోవిన్ దానికి తొలి ప్రోగ్రాము రాశాడు. ఈ ఏర్పాటుకు కేంద్రమంటూ ఏదీ లేదు. ఒక కంప్యూటరు మోడెంతో ఇంకో కంప్యూటరుకు ఫోన్ చేసి, తన దగ్గరున్న కొత్త సందేశాలన్నీ అప్పజెప్పేది. అది మరోదానికి. రాత్రిళ్లు ఫోన్ ఛార్జీలు తక్కువ కాబట్టి చాలాచోట్ల ఈ పని అప్పుడే సాగేది. దూరపు ఊళ్లకు చేరేసరికి రోజులు గడిచిపోయేవి. రెండు సందేశాలు రెండు దారుల్లో పడి వచ్చి, ఒక్కోసారి ప్రశ్న కంటే జవాబే ముందు ప్రత్యక్షమయ్యేది. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే, రాసినవాడికి చెప్పేవాళ్లుండరు.

అందుకే కొత్తగా చేరినవాళ్లు ‘టెస్ట్’ అని ఒక్క ముక్క రాసి, చర్చ జోరుగా నడుస్తున్న చోటే పడేసేవారు. ఆ ఒక్క ముక్కా యంత్రం తర్వాత యంత్రానికి నకలవుతూ పోయేది. ప్రతిచోటా డిస్కులో కొంత చోటు, ఫోన్ బిల్లులో కొంత వాటా. తర్వాతి కాలంలో పెర్ల్ భాషను సృష్టించిన లారీ వాల్ 1984లో ‘ఆర్.ఎన్.’ అనే ప్రోగ్రాము రాశాడు. దాంతో ఏదైనా పంపబోతే, ఇది వేల యంత్రాలకు వెళ్తుంది, వందల డాలర్లు, కాకుంటే వేలే ఖర్చవుతాయి, నిజంగా పంపాలనే ఉందా అని నిలదీసేది.

పరీక్షలకు ప్రత్యేకంగా మిస్క్.టెస్ట్, ఆల్ట్.టెస్ట్ అనే బృందాలుండేవి. అక్కడ ఏం రాసినా ఎవరూ విసుక్కోరు. పైగా కొందరు కంప్యూటర్ నిర్వాహకులు తమ యంత్రాలకు ఒక పని నేర్పిపెట్టారు. ఆ బృందాల్లో కొత్త సందేశం కనబడగానే, రాసినవాళ్లకు ‘మీది మా దగ్గరికి వచ్చింది’ అని మెయిలు వెళ్లిపోయేది. ఇలా జవాబులు రాకూడదనుకుంటే శీర్షికలో ‘ఇగ్నోర్’ అని రాస్తే సరిపోయేది.

వచ్చిన ప్రతి సందేశం తలకట్టులోనూ ‘పాత్’ అనే వరస ఉంటుంది. దారిలో తగిలిన యంత్రాల పేర్లన్నీ అందులో ఉంటాయి, పేరుకూ పేరుకూ మధ్య ఆశ్చర్యార్థకం గుర్తుతో. ప్రతి యంత్రమూ తన పేరు ముందు చేర్చుకుంటుంది గనక ప్రయాణాన్ని కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. వరసలో పేరున్న యంత్రానికి అదే సందేశాన్ని మళ్లీ పంపేవారు కాదు. ఇక ఆ జవాబు మెయిళ్ల సంగతి చూడండి: ముక్కూమొహం తెలియనివాడి సందేహం తీర్చడానికి తన యంత్రాన్ని కాపలా పెట్టడం ఎంత మర్యాద! యూజ్‌నెట్ అనగానే అక్కడి తగువులే తలుచుకుంటారు గానీ, ఈ మర్యాదకూ అంత చోటు దక్కాలి.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు తోడైంది. 1990లలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే బృందంలో కబుర్లాడుకున్నవాళ్లకు తెలుగు లిపిలో రాసి పంపే వీలు లేదు. చేరితే చాలదు, చదవగలిగేలా చేరాలి. రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతి ఆ పని చేసిపెట్టింది. మామూలు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాయడం: చిన్న ఎల్ అయితే ల, పెద్ద ఎల్ అయితే ళ; చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. దారిలో ఏ యంత్రం తగిలినా ఈ అక్షరాలు చెక్కుచెదరవు.

ఇప్పటి చిక్కులు వేరు. గుంపుకు మెయిలు పంపినవాళ్లకు తమ మెయిలు నకలు జీమెయిల్ ఇన్‌బాక్సులోకి తిరిగి రాదు, పంపిన మెయిలుతో కలిసిపోతుంది. అందరికీ చేరినా, చేరలేదేమోనని రెండోసారి పంపేవాళ్లున్నారు. దీనికి పూర్తిగా ఎదురుది, కొన్ని వెబ్‌సైట్లు చాటుగా విధించే ‘షాడో బ్యాన్’ అనే నిషేధం. రాసినవాళ్లకు తమ మాట మామూలుగానే కనిపిస్తుంది, మిగతా లోకానికి కనిపించదు. నిషేధించామని చెప్పేస్తే మనిషి ఇంకో దారి చూసుకుంటాడు. ఇలా చెప్పకుండా దాచడం అన్యాయం. ఖాతాలోంచి బయటికి వచ్చి, వేరే బ్రౌజరులో అదే పేజీ తెరిచి చూసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. తన తెర చెప్పే సాక్ష్యం తనకు పనికిరాదు, అది అవతలి యంత్రం నుంచి రావాల్సిందే.

వాట్సాప్‌లో ఆ సాక్ష్యం టిక్కుల రూపంలో వస్తుంది. ఒక టిక్కు పడితే పంపినట్టు, రెండు పడితే అందినట్టు. చదివారని చెప్పే నీలం రంగు 2014లో వచ్చింది. గుంపులో మాత్రం రెండో టిక్కు అందరి ఫోన్లకూ చేరాకే పడుతుంది. యాభైమందిలో ఒక్కరి ఫోను ఆగిపోయి ఉన్నా ఒకే టిక్కు కనిపిస్తుంది, పంపినవాళ్లేమో ఎవరికీ అందలేదని కంగారుపడతారు. మళ్లీ పంపే ముందు ఆ సందేశాన్ని కాసేపు నొక్కిపట్టి ‘ఇన్ఫో’ తెరిస్తే, ఎవరెవరికి అందిందో, ఎవరు చదివారో పేర్లతో సహా ఉంటుంది.