కార్డిఫ్ స్టేడియంలో ఒక రంజాన్ మధ్యాహ్నం

వేల్స్ రాజధాని కార్డిఫ్‌కు రైల్లో చేరుకున్న ప్రయాణికుడు ఆ నగరపు స్టేడియాన్ని వెతుక్కోవలసిన పని లేదు. సెంట్రల్ స్టేషన్ బయట నిలబడి తల పైకెత్తితే చాలు, నాలుగు మూలల నుంచి ఆకాశంలోకి చొచ్చుకుపోయిన తెల్లని ఉక్కు స్తంభాలు కంటబడతాయి. ఇంగ్లాండు వారి రగ్బీకి నెలవైన ట్వికెన్‌హామ్ లండన్ శివార్లలో ఉంటే, వేల్స్ వారి ప్రిన్సిపాలిటీ స్టేడియం నగరం నడిబొడ్డునే వెలసింది. ఒక వైపు టాఫ్ నది, మరో వైపు బజారు వీధులు, నాలుగడుగుల దూరంలో పురాతనమైన కోట. అందులో సుమారు 74 వేల మంది కూర్చోవచ్చు. కార్డిఫ్ జనాభా మూడున్నర లక్షల పైచిలుకు. అంటే మ్యాచ్ రోజున నగర జనాభాలో ఐదో వంతుకు సమానమైన జనం ఒకే కప్పు కిందికి చేరుతుంది.

ఆ కప్పు కూడా విశేషమైనదే. అవసరాన్ని బట్టి మూయడానికీ తెరవడానికీ వీలుంది. మూసుకోవడానికి ఇరవై నిమిషాల సమయం చాలు. ఇక్కడ మొదటి మ్యాచ్ 1999 జూన్ 26న జరిగింది. వేల్స్ జట్టు దక్షిణాఫ్రికాను తన చరిత్రలో మొదటిసారి ఓడించింది ఆ రోజే. అదే ఏడాది నవంబరులో ప్రపంచ కప్ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. 2015 ప్రపంచ కప్ పోటీల్లో ఇస్లాం స్వీకరించిన న్యూజిలాండ్ ఆటగాడు సన్నీ బిల్ విలియమ్స్ ఆడిన మైదానాల్లో ఇదీ ఒకటి.

మన ప్రాంతాల్లో క్రికెట్ ఎలాంటిదో వేల్స్‌లో రగ్బీ అలాంటిది. దక్షిణ వేల్స్ లోయల్లోని బొగ్గు గనుల కార్మికులు ఈ ఆటను తమ సొంతం చేసుకున్నారు. గనులు మూతబడినా ఆట నిలిచింది. తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఒక్కో జట్టులో పదిహేను మంది ఉంటారు. కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేతపట్టుకుని పరుగెత్తవచ్చు. కానీ చేతితో అందించవలసి వస్తే పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ముందుకు విసరడం నేరం. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే దానిని ‘ట్రై’ అంటారు, ఐదు పాయింట్లు. ఆ తరువాత బంతిని కాలితో తన్ని గోలు స్తంభాల మధ్య నుంచి పంపితే మరో రెండు. పెనాల్టీకి మూడు. మొత్తం ఎనభై నిమిషాల ఆట.

ఉపవాసంతో స్టేడియానికి

మా చెల్లెలి కుటుంబం ఉద్యోగ రీత్యా కార్డిఫ్‌లో స్థిరపడింది. వారిని చూడటానికి వెళ్ళినప్పుడు, 2024 మార్చి 16న, వేల్స్, ఇటలీ జట్ల మధ్య ‘సిక్స్ నేషన్స్’ టోర్నీలో చివరి పోటీ ఉంది. అది శనివారం. రంజాన్ మాసపు మొదటి వారం. చెల్లెలి భర్త చాలా ముందుగానే టికెట్లు తీసి ఉంచారు. చెల్లెలికి మాత్రం మనసొప్పలేదు. “రోజా ఉండి, అందరూ తాగుతూ ఉండే చోటికి పిల్లవాణ్ణి తీసుకెళ్తారా?” అని అడిగింది.

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. మ్యాచ్ రోజున ఇక్కడ మద్యం ఏరులై పారుతుంది. స్టేడియం చుట్టూ ఉన్న పానశాలలు ఉదయం నుంచే కిక్కిరిసిపోతాయి. ఈ విషయమై ఆ దేశస్థులే విసుగు చెంది ఫిర్యాదు చేసిన సందర్భాలున్నాయి. కుటుంబాలతో వచ్చేవారి కోసం నిర్వాహకులు మద్యాన్ని అనుమతించని ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేశారు. మా టికెట్లు ఆ విభాగంలోవి. పన్నెండేళ్ళ మేనల్లుడు తల్లి పక్కన చేరి, “అమ్మీ, స్కూల్లో అందరూ తింటుంటే నేను రోజా ఉండటం లేదా? ఇదీ అంతే కదా!” అన్నాడు. ఆ మాటతో ఆమె మెత్తబడింది. పరాయి సమాజంలో పెరుగుతున్న పిల్లలు తమ హద్దును ప్రతి రోజూ తామే గీసుకోవలసి ఉంటుంది. మన ఊళ్ళలో ఆ పని సగం ఊరే చేసిపెడుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నర లోపు సహరీ ముగించాము. జుహ్ర్ నమాజు చేసుకుని నడుచుకుంటూ బయలుదేరాము. ఆట రెండుంబావుకు మొదలు. అప్పటికి ముగిసి, అసర్‌కూ ఇఫ్తార్‌కూ చాలినంత వ్యవధి ఉంటుంది.

మ్యాచ్ రోజున నగర మధ్యంలోని వీధుల్లో వాహనాలను ఆపేస్తారు. వెస్ట్‌గేట్ వీధి నిండా ఎర్ర జెర్సీలే. చిన్న పిల్లల చెంపల మీద ఎర్ర డ్రాగన్ బొమ్మలు. కొందరి తలల మీద పసుపుపచ్చని డాఫొడిల్ పువ్వు ఆకారంలో టోపీలు. వాటి మధ్య నీలి జెర్సీల ఇటలీ అభిమానులు ఏ జంకూ లేకుండా కలిసి నడుస్తున్నారు. బ్రిటన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఇరుపక్షాల అభిమానులను వేరువేరు విభాగాల్లో కూర్చోబెట్టి మధ్యలో కాపలా పెడతారు. రగ్బీలో ఆ ఏర్పాటు లేదు. మా ముందు వరుసలో ఒక వేల్స్ తాతగారు, ఆయన పక్కనే ఇటలీ దంపతులు కూర్చున్నారు. ఆయన వాళ్ళకు తన సంచిలోంచి బిస్కెట్లు తీసి ఇచ్చారు. మాకూ చాపారు. ఉపవాసమని చెప్పగానే డబ్బా మూత పెట్టి సంచిలో దాచేశారు. ఆట ముగిసే దాకా మళ్ళీ తీయలేదు. ఆ సంస్కారానికి ఏ భాషలో ధన్యవాదాలు చెప్పాలో మాకు తోచలేదు.

పాటతో ఏకమయ్యే జాతి

ఆటకు ముందు జరిగే గానమే ఈ స్టేడియానికి ప్రాణమని చాలామంది అంటారు. మైదానంలో పురుషుల గాయక బృందాలు బారులు తీరి నిలబడతాయి. సైనిక బ్యాండు వస్తుంది. దాని వెంట ‘రాయల్ వెల్ష్’ దళపు మేక నడుస్తుంది. ఆ దళానికి మేక చిహ్నమే కాదు, దానికి ర్యాంకు కూడా ఉంటుంది! మా మేనల్లుడికి ఆటకన్నా అదే ఎక్కువ నచ్చింది.

ఆ తరువాత జాతీయ గీతం. 1856లో పాంటీప్రిడ్‌కు చెందిన ఒక తండ్రీ కొడుకులు దానిని కూర్చారు. తండ్రి ఇవాన్ జేమ్స్ మాటలు రాస్తే, కొడుకు జేమ్స్ జేమ్స్ బాణీ కట్టాడు. 1905 డిసెంబరులో న్యూజిలాండ్‌తో జరిగిన మ్యాచ్‌కు ముందు వేల్స్ ఆటగాళ్ళు దీన్ని అందుకోగా, జనమంతా గొంతు కలిపింది. క్రీడా పోటీకి ముందు జాతీయ గీతం పాడే ఆచారానికి అదే నాంది అని చెబుతారు.

ఇక్కడొక విషయం నన్ను ఆలోచింపజేసింది. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో వెల్ష్ భాష వచ్చినవారు నూటికి పద్దెనిమిది మంది కూడా లేరు. కానీ ఆ గీతాన్ని వెల్ష్‌లోనే పాడతారు. నా చుట్టూ నిలబడినవారిలో చాలామంది ఇళ్ళల్లో ఇంగ్లీషే మాట్లాడతారు. అయినా ఒక్కరి పెదవీ తడబడలేదు. ఇంట్లో కరువైన భాష వాళ్ళకు మైదానంలో తిరిగి దొరుకుతోంది. తెలుగు చదవడం రాని తెలుగు పిల్లలను తలచుకుని నా మనసు కలుక్కుమంది.

క్రమశిక్షణ గల మొరటు ఆట

ఆట మొదలైతే కనిపించేది బలప్రదర్శనే. నిండు దేహం గల మనుషులు పరుగెత్తుకొచ్చి ఒకరినొకరు ఢీకొడతారు. ఆ చప్పుడు పై వరుసల దాకా వినబడుతుంది. ఇంత మొరటు ఆటలో ఒక నియమం నన్ను కట్టిపడేసింది. రెఫరీతో జట్టు నాయకుడు మాత్రమే మాట్లాడాలి. ఆ రోజు వేల్స్ నాయకుడు డాఫిడ్ జెంకిన్స్ వయసు 21 ఏళ్ళు. రెఫరీ అతణ్ణి పిలిచి తప్పు ఏమిటో చెబుతుంటే, తలలు వంచి అందరూ వెనక నిలబడ్డారు. నిర్ణయం నచ్చినా నచ్చకపోయినా తిరుగు సమాధానం లేదు. కోపాన్ని అదుపులో ఉంచుకున్నవాడే బలవంతుడని మనం పిల్లలకు చెబుతుంటాం. ఇక్కడ ఆ మాటను కళ్ళారా చూపించవచ్చు.

ఆ రోజు వేల్స్‌కు కలిసిరాలేదు. విరామ సమయానికి ఇటలీ 11–0తో ముందుంది. విరామం తరువాత లోరెంజో పానీ అంచు వెంట దూసుకెళ్ళి చేసిన ట్రైతో ఆధిక్యం 18 పాయింట్లకు చేరింది. వేల్స్ ఆలస్యంగా మేల్కొంది. మూడు ట్రైలు సాధించింది గాని, మూడోది పడేసరికి సమయం దాటిపోయింది. చివరి లెక్క 24–21. ఆ టోర్నీలో ఐదింటికి ఐదు మ్యాచ్‌లూ ఓడి, 2003 తరువాత మొదటిసారి వేల్స్ అట్టడుగున నిలిచింది. పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో దేశం తరఫున ఆడటం మొదలుపెట్టిన జార్జ్ నార్త్‌కు అది 121వ మ్యాచ్, ఆఖరుది కూడా. ముగింపు దగ్గరపడుతుండగా కాలి గాయంతో ఇతరుల సాయం తీసుకుని బయటికి నడిచాడు. ఓడిపోతున్న జట్టు అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

“మామూ, ఇంతమంది ఓడిపోయారు కదా, ఒక్కరూ గొడవ చేయలేదేం?” అని మేనల్లుడు అడిగాడు. ముందు వరుసలోని తాతగారు అప్పటికే ఇటలీ దంపతులతో కరచాలనం చేస్తున్నారు. నేను అటు చూపించాను.

మైలు దూరంలో మరో కార్డిఫ్

స్టేడియం నుంచి దక్షిణంగా, రైలు కట్ట వెంట సాగే బ్యూట్ వీధిలో నడిస్తే కాసేపట్లోనే బ్యూట్‌టౌన్ వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఎక్కువ బొగ్గు ఎగుమతి చేసిన రేవు ఇక్కడిదే. ఆ ఓడల్లో పొయ్యిలకు బొగ్గు ఎగదోసే పనికి యెమెన్, సోమాలియా, పశ్చిమాఫ్రికాల నుంచి నావికులు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బ్రిటన్‌లోని పాత ముస్లిం సమాజాల్లో ఇదొకటి. పీల్ వీధిలోని వారి మస్జిదు 1941లో జర్మన్ బాంబుకు కూలిపోతే తిరిగి నిర్మించుకున్నారు. వారికి ఈ నగరం అన్ని వేళలా ఆదరణ చూపలేదు. 1919లో వారి ఇళ్ళపై మూకలు దాడి చేశాయి. 1952లో మహమూద్ మత్తాన్ అనే సోమాలీ నావికుణ్ణి చేయని హత్యకు కార్డిఫ్ జైలులో ఉరితీశారు. ఆ తీర్పు తప్పని న్యాయస్థానం ఒప్పుకోవడానికి 1998 వరకు సమయం పట్టింది.

ఈ పేటలోనే బిల్లీ బోస్టన్ పుట్టాడు. తండ్రి సియెర్రా లియోన్ నుంచి వచ్చిన నావికుడు. వేల్స్ జట్టుకు ఆడాలన్నది ఆ కుర్రవాడి కల. ఆ పిలుపు రాలేదు. 1953లో ఉత్తర ఇంగ్లాండుకు వెళ్ళి, జీతం ఇచ్చి ఆడించే ‘రగ్బీ లీగ్’లో చేరాడు. అలా వెళ్ళినవారికి ఆ రోజుల్లో మళ్ళీ వేల్స్‌లో ఆడే వీలు లేకుండా తలుపులు మూసేవారు. విగాన్ క్లబ్బుకు అతను సాధించిన ట్రైలు 478. అదే నగరంలో పుట్టిన నల్లజాతి బిడ్డ క్లైవ్ సల్లివన్ కూడా ఉత్తరానికే వెళ్ళి, 1972లో గ్రేట్ బ్రిటన్ జట్టుకు నాయకత్వం వహించి రగ్బీ లీగ్ ప్రపంచ కప్ గెలిపించాడు. నల్లజాతి ఆటగాడు వేల్స్ ఎర్ర జెర్సీ వేసుకోవడానికి 1980ల దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు రేవు ఒడ్డున బోస్టన్, సల్లివన్‌ల విగ్రహాలు ఉన్నాయి. వలస వచ్చిన యూదు కుటుంబపు బిడ్డ గస్ రిస్మన్ కూడా వారి పక్కనే ఉన్నాడు. 2023 జూలైలో వాటిని ఆవిష్కరించినప్పుడు బోస్టన్ స్వయంగా హాజరయ్యాడు. 2025లో ఆయనకు ‘సర్’ బిరుదు లభించింది. రగ్బీ లీగ్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. అప్పటికి ఆయన వయసు తొంభైకి చేరింది.

డెబ్భై వేల గొంతులు ఒక్కటై పాడిన పాట అప్పటికి ఇంకా నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఆ పాట అబద్ధమని నేననను. తాతగారి బిస్కెట్ల డబ్బా కూడా ఆ పాటంత నిజం. కానీ ఒక జాతి కలిసి పాడుతున్నప్పుడు, ఆ వరుసలో ఎవరికి చోటు దక్కలేదో వెతికి చూడటం కూడా అవసరం. తెలుపుకు నలుపుపై ఆధిక్యం లేదని దైవప్రవక్త (స) తన చివరి హజ్ ప్రసంగంలో చాటి పద్నాలుగు శతాబ్దాలు గడిచాయి. ఆ ఒక్క మాటను మైలు దూరం నడిపించడానికి ఈ నగరానికి ఎన్ని తరాలు పట్టిందో! మన ఊళ్ళలో, మన పెళ్ళి సంబంధాల్లో, మన పలకరింపుల్లో ఆ మాట ఎంత దూరం నడిచిందో మనమూ లెక్క చూసుకోవాలి.

ఆలిస్ వీధిలోని గోపురం గల మస్జిదులో అసర్ చేసుకున్నాము. ఆరు గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో మగ్రిబ్ అజాన్ వినిపించింది. యెమెనీ, సోమాలీ, బెంగాలీ సోదరుల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాము. మేనల్లుడి పక్కన ఎర్ర జెర్సీ తొడుక్కున్న సోమాలీ కుర్రవాడు ఉన్నాడు. అతనూ స్టేడియం నుంచే వచ్చాడు. ఖర్జూరాల పళ్ళెం ఇటు జరుపుతూ, “మనం మళ్ళీ ఓడిపోయాం కదూ!” అన్నాడు. ‘మనం’ అన్న ఆ మాట అతని నోట ఎంతో సహజంగా వచ్చింది. అతని తాతల కాలంలో ఆ మాట అనే హక్కు కోసం ఈ పేట ఎదురుచూసింది.